వర్తకుని ఉత్తరము: ఈమెయిలు ప్రచార సాధనముల చరిత్ర

వర్తకుడు తన సరకులను గూర్చి తెలుపుచు ముఖపరిచయము లేని గృహస్థునకు ఉత్తరము పంపుట ఈమెయిలుతో పుట్టిన ఆచారము కాదు. 1872వ సంవత్సరమున అమెరికా దేశమందలి చికాగో నగరములో ఆరన్ మాంట్‌గొమరీ వార్డు అను వర్తకుడు 163 వస్తువుల పేర్లును ధరలును గల ఒక్క కాగితమును అచ్చొత్తించి పల్లెలలోని రైతులకు తపాలా ద్వారా పంపెను. అప్పటికి ఆ దేశమున గ్రేంజి అను రైతు సంఘము ఊరూర వ్యాపించియుండెను. అంగడివాడు చెప్పిన ధరకే కొనవలసి వచ్చుచున్నదని ఆ సంఘమువారు మొరపెట్టుకొనుచుండిరి. వార్డు వారినే ఆశ్రయించెను. వారే ఆతని మొదటి కొనుగోలుదారులైరి. సరకు నచ్చనిచో పైకము తిరిగి యిత్తునని 1875లో ఆతడు వాగ్దానము చేసెను. ఆ కాగితమే క్రమక్రమముగా వందల పుటల క్యాటలాగుగా పెరిగినది.

ఇందు మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. కాగితపు వెల, అచ్చుకూలి, తపాలా ఖర్చు ప్రతి ఉత్తరమునకును వర్తకుడే భరింపవలెను. ఎన్నడును కొనని యింటికి ఏటేట క్యాటలాగు పంపినచో నష్టము వానిదే. కావున ఎవరికి పంపవలెను, ఎవరికి మానవలెను అని యతడు పేర్ల పట్టీని ఎల్లప్పుడును జల్లించుకొనుచుండెడివాడు. మన దేశమునను వి.పి.పి. పద్ధతిని నమ్ముకొని పల్లెలకు పుస్తకములు పంపిన తెలుగు ప్రచురణకర్తలది ఇదే లెక్క. పుస్తకపు చివరి పుటలలో తమ యితర గ్రంథముల జాబితాను అచ్చొత్తుట వారికి మిక్కిలి చౌక. ఏలయన, చదువరి యని ఋజువైన వాని చేతిలోనికే ఆ జాబితా పోవును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనమును సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టి వాడుకలోనికి తెచ్చిరని ప్రసిద్ధి. అదియు చేతి ఖర్చే. ఖర్చు చేయువాడు ఆలోచించి చేయును.

ఈమెయిలు ఈ లెక్కను తలక్రిందులు చేసినది. అది యెట్లు జరిగినదో తెలిసికొన్నగాని, నేడు ఏ వర్తకుడైనను వేయిమందికి ఒక్కమాఱుగా ఉత్తరము పంపదలచినపుడు ఏ సంస్థ నాశ్రయింపవలెను, దాని నెట్లు వాడుకొనవలెను అను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదని మా అభిప్రాయము. ఇట్టి సంస్థల నిప్పుడు ఈమెయిలు ప్రచార వేదికలని పిలుచుచున్నారు. అవి వర్తకుని పేర్ల పట్టీని భద్రపఱచును; ఉత్తరమును చూడముచ్చటగా కూర్చుటకు అచ్చులను ఇచ్చును; దానిని విడతలుగా పంపును; వలదన్నవారి పేర్లను తీసివేయును; చేరక తిరిగివచ్చిన వానిని లెక్కించును. వీనిలో ఉత్తరమును కూర్చుట యొక్కటియే కంటికి కనబడును. తక్కినవి కనబడవు, చరిత్ర యంతయు ఆ కనబడని పనులలోనే యున్నది.

ఒక కంప్యూటరునుండి వేఱొక కంప్యూటరునకు ఉత్తరము పోవు విధానమును 1971లో రే టామ్లిన్‌సన్ కనుగొనెను. మనుష్యుని పేరును యంత్రము పేరును వేఱుచేయుటకు నేడు ప్రతి చిరునామాలోను కనబడు ‘ఎట్’ గుర్తును ఎన్నుకొన్నదియు ఆయనయే. ఆనాటి ఆర్పానెట్ అను జాలము అమెరికా రక్షణ శాఖవారిది, పరిశోధకులకే పరిమితమైనది. అయినను 1975 నవంబరులోనే జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న పత్రము వ్రాసి, విసిగించు ఉత్తరములను నిరాకరించుటకు గ్రహించువాని యంత్రమునకు ఏ ఉపాయమును లేదని హెచ్చరించెను. తలుపు కలదు గాని గడియ లేదని ఆయన భావము. ఆ మాట నప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ.

1978 మే మొదటి వారమున గడియ లేని ఆ తలుపు తెఱచుకొని యొకడు లోనికి వచ్చెను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటరు సంస్థలో విక్రయ ప్రచారము చూచుచుండిన గేరీ థ్యుర్క్ తమ క్రొత్త యంత్రమును లాస్ ఏంజెలిస్ లోను, శాన్ మటేయోలోను ప్రదర్శింపబోవుచు పడమటి తీరమునందలి శాస్త్రజ్ఞులను ఆహ్వానింపదలచెను. ఆర్పానెట్ వాడువారి చిరునామాలు ఒక అచ్చు పుస్తకమున నుండెను. అందుండి సుమారు 400 పేర్లు ఏరి, అందఱకును ఒక్కటే ఉత్తరము పంపించెను. చిరునామాలకై ఏర్పఱచిన చోటు చాలక అవి పొంగి ఉత్తరపు నడుమకు వచ్చిపడెను. చదువరికి ముందుగా కనబడినది ఆహ్వానము కాదు, పరుల పేర్ల బారు.

ఫిర్యాదులు వెంటనే వచ్చెను. ఆర్పానెట్‌ను పర్యవేక్షించు సైనికాధికారులు అది నియమోల్లంఘనమని ప్రకటించి సంస్థను మందలించిరి. రిచర్డ్ స్టాల్మన్ అను యువ శాస్త్రజ్ఞుడు మాత్రము మొదట థ్యుర్క్ పక్షమున మాటలాడెను. తనకా యుత్తరము రాలేదనియు, వచ్చియున్నను బాధ యుండెడిది కాదనియు వ్రాసెను. మిత్రుడొకడు దాని ప్రతిని చూపగా, తన మాటను తానే వెనుకకు తీసికొనెను. ఈ చిన్న వృత్తాంతము మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. పంపువానికి ఉత్తరమొక ఆలోచన. అందుకొన్నవానికి అది తన యెదుట పడిన వస్తువు. ఆ ఉత్తరము వలన కోటి డాలర్లకు పైగా విక్రయములు జరిగినవని థ్యుర్క్ తరువాత చెప్పుకొనెను. ఆతని లెక్క యేమైనను, పదహారు సంవత్సరముల పిమ్మట వచ్చినవారు ఆ ఫిర్యాదులను మఱచి లాభమును మాత్రమే జ్ఞాపక ముంచుకొనిరి.

1994 ఏప్రిలులో అరిజోనా రాష్ట్రపు న్యాయవాదులైన దంపతులిద్దఱు యూజ్‌నెట్ అను చర్చా జాలమునందలి వేలకొలది చర్చా సంఘములలో అమెరికా నివాసపత్రముల లాటరీని గూర్చి తమ ప్రకటనను గ్రుమ్మరించిరి. అది ఈమెయిలు కాదు గాని త్రోవ చూపినది. అనతికాలములో లక్షలకొలది చిరునామాలు పోగుచేసి అమ్ముట యొక వృత్తి యైనది. వేయి ఉత్తరములకును, పది లక్షల ఉత్తరములకును పంపువానికి ఖర్చులో భేదము దాదాపు లేదు. భారము పడినది అందుకొన్నవారిపైనను, వారి ఉత్తరములను భద్రపఱచు సంస్థలపైనను. మాంట్‌గొమరీ వార్డుకు మర్యాద నేర్పిన తపాలా బిళ్ల ఇచ్చట లేదు.

కావున తపాలా బిళ్లకు బదులు వేఱొకటి కావలసి వచ్చినది. 1997లో ఒహాయో రాష్ట్రమునందలి న్యాయస్థానము కాంప్యుసర్వ్ అను సంస్థ వేసిన దావాలో, వలదన్నను ఉత్తరములు కుప్పలుగా పోయుట పరుల సొత్తుపైకి అక్రమముగా చొరబడుట యని తీర్మానించెను. 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్పామ్‌హౌస్ అను సంస్థను స్థాపించి, దుర్వర్తనులైన పంపకందారుల చిట్టాను ప్రకటింపసాగెను. ఉత్తరములను స్వీకరించు యంత్రములు ఆ చిట్టాను చూచుకొని, అందున్నవారి ఉత్తరములను గుమ్మము కడనే త్రిప్పిపంపుట మొదలిడెను. పోస్టెల్ కోరిన గడియ ఇట్లు అమరినది.

దీనితో కథ మలుపు తిరిగినది. ఇకమీదట ఉత్తరమును పంపుట కష్టము కాదు, చేర్చుట కష్టము. ఒక చిన్న అంగడివాడు తన సొంత యంత్రమునుండి రెండువేల ఉత్తరములు ఒక్కమాఱు పంపినచో, ఎన్నడును వినని చోటునుండి వచ్చిన ఆ గుంపును చూచి స్వీకరించు యంత్రము అనుమానించును. ఆతడు సత్పురుషుడే కావచ్చును, ఆ యంత్రమున కది యెట్లు తెలియును? కావున మంచి పేరు సంపాదించిన మధ్యవర్తి యవసరమైనాడు. ఈమెయిలు ప్రచార వేదికలు అమ్ము అసలు సరకు ఆ మంచి పేరే యని మేము తలచుచున్నాము. బొమ్మలు, రంగులు, అచ్చులు దానిపై వేసిన మెఱుగు.

మాసచుసెట్స్ రాష్ట్రమున 1995లో రోవింగ్ సాఫ్ట్‌వేర్ అను పేర పుట్టి, తరువాత కాన్‌స్టంట్ కాంటాక్ట్ అను పేరు వహించిన సంస్థ చిన్న వర్తకులకు ఇట్టి సేవ చేసిన తొలివారిలో నొకటి. అంతకంటె ప్రసిద్ధికెక్కినది మెయిల్‌చింప్. అట్లాంటా నగరమున బెన్ చెస్ట్‌నట్ మున్నగువారు వెబ్‌సైట్లను తయారుచేయు చిన్న సంస్థ నడుపుచుండిరి. వారి ఖాతాదారులైన అంగళ్లవారు తమ వాడుకదారులకు ఈమెయిలు ఉత్తరములు కూడ పంపిపెట్టుడని మాటిమాటికి అడుగుచుండిరి. చేతితో చేయుటకు అది విసుగు పుట్టించు పని. అంతకుముందు శుభాకాంక్షల కార్డులు అమ్ముటకై వారు వ్రాసి విఫలమైన ప్రోగ్రాము ఒకటి మూలపడియుండెను. దానిని దులిపి 2001లో ఈ పనికి మార్చుకొనిరి. ఆ కార్డులలో అందఱకును నచ్చినది చింపాంజీ బొమ్మ, అదియే పేరైనది. 2009లో చిన్న పట్టీలు గలవారికి రుసుము లేకుండ ఇచ్చుటతో వాడువారు పలు రెట్లు పెరిగిరి. 2021లో ఇంట్యూట్ సంస్థ దానిని సుమారు 1,200 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పుకొనెను. మూలపడిన ప్రోగ్రామునకు ఇది తక్కువ ధర కాదు.

అయితే ఉచితముగా ఇచ్చుచోట మంచివారితో పాటు చెడ్డవారును చేరుదురు. చిన్న ఖాతాదారుల ఉత్తరములు సాధారణముగా వేదికవారి ఉమ్మడి యంత్రములనుండియే, ఉమ్మడి చిరునామాలతోనే వెడలును. పదిమంది ఒక్క బండిలో మూటలు వేసికొని సంతకు పోవుచుండగా, అందొకని మూటలో దొంగసొత్తు దొరకినచో బండి యంతయు నిలిచిపోవును గదా! కావున క్రొత్త ఖాతాదారుని పట్టీని ప్రశ్నించి, ఎక్కడిది, ఎట్లు వచ్చినది యని అడిగి, అవసరమైనచో ఖాతా నిలిపివేయు వేదికను చూచి వర్తకులు విసుగుకొందురు. మేమనుకొనుట, ఆ విసుగు కలిగించు వేదికయే మేలైనది. ఎవరినైనను ఏమియు అడుగక చేర్చుకొను బండిలో మన మూట వేయరాదు.

చట్టములు ఆలస్యముగా వచ్చినవి. అమెరికాలో 2003 డిసెంబరున సంతకమై, 2004 జనవరి 1 నుండి అమలైన క్యాన్-స్పామ్ చట్టము ముందుగా సమ్మతి పొందవలెనని చెప్పలేదు. పంపువాడు తన పేరును దాచరాదు, మోసపు శీర్షిక పెట్టరాదు, తపాలా చిరునామా ఇయ్యవలెను, వలదన్నవానిని పది పనిదినములలో విడిచిపెట్టవలెను అని మాత్రమే శాసించెను. కెనడావారు 2014లో అంతకంటె కఠినముగా ముందస్తు సమ్మతి కావలెననిరి. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుండి అమలైన జీడీపీఆర్ అను నిబంధన, సమ్మతి లభించినదని ఋజువు చూపు భారమును వర్తకునిపైననే ఉంచెను. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమున ఒక సొంపైన నియమము కలదు: సమ్మతి నిచ్చుట యెంత సులభమో దానిని ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెను.

ఈ చట్టములు దూరదేశపు సంగతులని పాఠకులు తలపరాదు. ఇంట ఆవకాయయు గోంగూరయు పట్టి విదేశములందున్న తెలుగువారికి పంపు వ్యాపారములు నేడు మన పట్టణములలో కలవు. అట్టి గృహిణి టొరాంటోలోని యొక కుటుంబమునకు పండుగ ముందు ఈమెయిలు పంపినచో ఆమెకు కెనడా చట్టము వర్తించును. ఇట్టి ఇంటిని దృష్టియందుంచుకొనియే వేదికను ఎన్నుకొను సంగతి చెప్పుకొందము.

ముందుగా విచారింపవలసినది, పేర్ల పట్టీ ఎవరిది, దానిని మనము ఎప్పుడు కోరినను వెలికి తీసికొనగలమా యని. 2010లో పుట్టి, మఱుసటి సంవత్సరమే మెయిల్‌చింప్‌వారి వశమైన టైనీలెటర్ అను చిన్న వేదిక రచయితలకు ఎంతో ప్రీతిపాత్రమైనది. 2024 ఫిబ్రవరి 29న అది మూతపడినది. పేర్లను ముందుగా వెలికి తీసికొన్నవారు వేఱుచోట కాపురము పెట్టుకొనిరి. వేదిక అద్దె యిల్లు. పట్టీ మన సామాను. నెలకొకమాఱైనను ఆ సామాను ప్రతిని తన కంప్యూటరులో దాచుకొనని వర్తకుని మెచ్చుకొనలేము.

ఆ సామానును కాపలా కాయువాడెవడు అనునది తరువాతి ప్రశ్న. 2011లో ఎప్సిలాన్ అను పెద్ద ప్రచార సంస్థ యంత్రములలోనికి దొంగలు చొచ్చి, బ్యాంకులు మొదలుకొని అంగళ్ల వఱకు పలు సంస్థల వాడుకదారుల పేర్లను, ఈమెయిలు చిరునామాలను హరించిరి. ఎప్సిలాన్ పేరైనను వినని సామాన్యులకు వారి వారి బ్యాంకులు క్షమాపణ పత్రములు వ్రాయవలసి వచ్చెను. దొంగతన మొకరి యింట, తలవంపు వేఱొకరికి. ఖాతా తెఱచుటకు మాటగుర్తు ఒక్కటియే గాక ఫోనునకు వచ్చు రెండవ గుర్తు కూడ అడుగు సదుపాయము గల వేదికనే కొనవలెను. కొన్న పిమ్మట దానిని వాడవలెను.

ధర సంగతి త్వరగా చెప్పి ముగింతుము. పెక్కు వేదికలు పట్టీలోని పేర్ల సంఖ్యను బట్టి రుసుము తీసికొనును. 2019లో మెయిల్‌చింప్‌వారు తమ పద్ధతిని మార్చి, ఉత్తరములు వలదని తొలగినవారిని కూడ లెక్కలో చేర్చిరి. ఆ యేడే మెయిల్‌చింప్‌నకును, అంగళ్లను నడుపు షాపిఫై అను వేదికకును పొత్తు చెడి, రెండింటిని కలిపి వాడుకొనుచుండిన చిన్న వర్తకులు నడుమ నలిగిరి. 2021లో మఱల కలిసిరి గాని, ఆ రెండేండ్లు తంటాలు పడినది వారిద్దఱును కారు. రుసుముల పట్టిక చదువునపుడు నేటి ధరకంటె, పట్టీ పదింతలైననాటి ధర చూచుకొనుట మంచిది. చెన్నైలో మూలము గల జోహో సంస్థ క్యాంపెయిన్స్ అను పేర ఇట్టి వేదికనే నడుపుచున్నది. దానికిని ఈ ప్రశ్నలే వేయవలెను. స్వదేశీయమగుట చేత ప్రశ్న తప్పిపోదు.

ఉత్తరమును ఎందఱు తెఱచిరో లెక్క చెప్పుదుమని వేదికలు గర్వపడును. ఆ లెక్క యెట్లు వచ్చునో తెలిసినచో గర్వము తగ్గును. ఉత్తరమున కంటికి కనబడని చిన్న బొమ్మ నొకదానిని దాచుదురు. చదువరి ఉత్తరమును తెఱవగనే ఆ బొమ్మ పంపువాని యంత్రమునుండి తెప్పించుకొనబడును. అదియే తెఱచినట్లు గుర్తు. 2021 సెప్టెంబరునుండి ఆపిల్ సంస్థ, తన వాడుకదారులు కోరినచో, ఉత్తరము తెఱచినను తెఱవకున్నను బొమ్మలను ముందే తెప్పించి పెట్టసాగెను. దానితో ఆ లెక్క ఉబ్బిపోయినది. ఎందఱు తెఱచిరనుటకంటె, ఎందఱు మాఱుత్తరము వ్రాసిరి, ఎందఱు కొనిరి, ఎందఱు వలదనిరి అనునదియే నమ్మదగిన లెక్క. వార్డు నాటి లెక్కయు ఇదియే.

ఇటీవలి పెద్ద మార్పు 2024 ఫిబ్రవరిది. గూగుల్, యాహూ సంస్థలు రెండును కలిసి కొన్ని నియమములు పెట్టినవి. గూగుల్ లెక్క ప్రకారము రోజునకు 5,000 ఉత్తరములకు పైగా తన వాడుకదారులకు పంపువారు, ఆ ఉత్తరములు నిజముగా తమవే యని ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను గుర్తులతో ఋజువు చేయవలెను. ఒక్క నొక్కుతో పట్టీనుండి తప్పుకొను వీలు కల్పింపవలెను. స్పామ్ అని ఫిర్యాదు చేయువారు వేయింట ముగ్గురు కాకుండ చూచుకొనవలెను. వేయింట ముగ్గురు! వేదిక యెంత గొప్పదైనను, కొన్న పట్టీకి పంపినవాడు ఈ గీత దాటుట నిశ్చయము. పైగా అట్టి పట్టీలలో ఎవ్వరును వాడని పాత చిరునామాలు వలలుగా పన్నబడియుండును. వానికి ఒక్క ఉత్తరము పోయినను పంపువాని పేరు స్పామ్‌హౌస్ వంటివారి చిట్టా కెక్కవచ్చును.

కావున మన పచ్చళ్ల గృహిణి గత సంవత్సరము కొన్న రెండువందల మందితోనే ప్రారంభింపవలెను. సరకు పంపునపుడు, తరువాత వార్తలు పంపవచ్చునా యని అడిగి, ఔనన్నవారి పేరే వ్రాసికొనవలెను. ఆ ‘ఔను’ ఏ తేదీన వచ్చినదో కూడ వ్రాసికొనవలెను. వలదన్నవానికి కారణ మడుగుచు మఱల వ్రాయరాదు.

తెలుగున వ్రాయువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి కలదు. అక్షరములు చెదరునేమో యను పాత భయముతో కొందఱు ఉత్తరమంతయు బొమ్మగా చేసి పంపుచున్నారు. యూనికోడ్ వచ్చిన తరువాత ఆ భయ మక్కరలేదు; బొమ్మలను చూపని యంత్రములలో అట్టి యుత్తరము తెల్లకాగితమై పోవును. అయితే అక్షరములుగా వ్రాసినపుడు కొలత తెలిసియుండవలెను. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలగా, తెలుగులో ప్రతి హల్లునకును, ప్రతి గుణింతపు గుర్తునకును వేర్వేరుగా మూడేసి బైట్లు పట్టును. జీమెయిలు సుమారు 102 కిలోబైట్లు దాటిన ఉత్తరమును నడుమ కత్తిరించి, తక్కిన భాగమును దాచివేయును. పట్టీనుండి తప్పుకొను మార్గమును వేదికలు ఉత్తరము అడుగున పెట్టుట వాడుక. అది కనబడనిచో చదువరికి చేతికందునది స్పామ్ అను మీటయే. పొడవైన తెలుగు ఉత్తరము వ్రాయువారు ఆ మార్గమును పైననే, పలకరింపు క్రిందనే, ఒక పంక్తిలో ఉంచుట మేలు.